నీటి హైడ్రోజన్‌తో కారు: కోకాపేట సైకిల్ ట్రాక్ చెప్పే లెక్క

నీటి నుంచి తీసిన హైడ్రోజన్‌తో కారు నడుస్తుంది. అందులో సందేహం లేదు. 2022 మార్చిలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ఢిల్లీలో హైడ్రోజన్ కారు టయోటా మిరాయ్ ప్రయోగాన్ని ప్రారంభించి, నెలాఖరున అదే కారులో పార్లమెంటుకు వెళ్ళారు. 700 బార్ల ఒత్తిడితో 5.6 కిలోల హైడ్రోజన్ నింపితే కంపెనీ లెక్కన సుమారు 650 కిలోమీటర్లు, అంటే కిలోకు 116. హైదరాబాద్ కోకాపేటలో ఇది గిట్టుబాటవుతుందా అన్నదే తేలాలి.

నీళ్ళు అడ్డంకి కావు. కిలో హైడ్రోజన్‌లోకి చేరేది 9 లీటర్లే. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఒక చుట్టు తిరగడానికి కావాల్సిన నీరు అపార్ట్‌మెంట్లకొచ్చే 20 లీటర్ల క్యానులో ఉంటుంది. శుద్ధి చేయడంలో పోయేది వేరు.

చిక్కంతా కరెంటుతోనే. నీరు ఇంధనం కాదు, హైడ్రోజన్ మండాక మిగిలేది. నీటిని విడగొట్టడానికి పెట్టిన శక్తిలో కొంతే తిరిగి చేతికొస్తుంది. కారులోనే నీటిని విడగొడతామంటూ బానెట్ కింద బిగించే 'నీటి కిట్ల'కు కరెంటిచ్చే ఆల్టర్నేటర్‌ను తిప్పేదీ పెట్రోలే. నీటితో నడిచే బండి అంటూ పెట్టుబడులు సేకరించిన అమెరికన్ స్టాన్లీ మేయర్‌ది మోసమని 1996లో ఒహాయో కోర్టు తేల్చింది.

మరి అసలైన సౌర విద్యుత్తుతో చేస్తే? నార్సింగి నుంచి కొల్లూరు వెళ్ళే సైకిల్ ట్రాక్ కోకాపేట మీదుగానే సాగుతుంది. పైకప్పంతా సోలార్ ప్యానెళ్ళు, కింద సైకిళ్ళు. నానక్‌రాంగూడ వైపు భాగంతో కలిపి 23 కిలోమీటర్లు, 16 మెగావాట్లు. కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్లు వేసుకుంటే 64 వేల యూనిట్లు. తయారీకి, ఒత్తిడి పెంచడానికి కిలోకు 55 యూనిట్లు అనుకుంటే వచ్చే హైడ్రోజన్‌తో కార్లు మొత్తం మీద 1.35 లక్షల కిలోమీటర్లు తిరుగుతాయి. అదే కరెంటు బ్యాటరీ కార్లకెక్కిస్తే, 100 కిలోమీటర్లకు 18 యూనిట్ల చొప్పున, 3.5 లక్షలు. ఇవి నా అంచనాలు. పదీ ఇరవై శాతం అటూ ఇటూ అయినా ఫలితం తిరగబడదు.

నిమిషాల్లో ట్యాంకు నిండడం హైడ్రోజన్‌కున్న నిజమైన బలం. రోజూ ఆఫీసుకెళ్ళి రాత్రంతా సెల్లార్‌లో నిలిచే కారుకు దాని అవసరం తక్కువ. బరువుతో దూరం వెళ్ళే లారీల సంగతి వేరు. 2025 మార్చిలో కేంద్రం ప్రకటించిన పది హైడ్రోజన్ వాహన ప్రయోగ మార్గాల్లో విశాఖపట్నం–బయ్యవరం ఒకటి. అక్కడ కిలోకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో, ఎంత ఖర్చయిందో లెక్కలన్నీ జనం ముందుంచాలి. అప్పటిదాకా లారీల విషయంలో తీర్పు చెప్పను. కోకాపేట కారు విషయంలో మాత్రం నా ఓటు బ్యాటరీకే.