సముద్రంలో ఆపద వస్తే పిలుపు ఏ ఫ్రీక్వెన్సీలో వెళ్తుంది? మన కుటుంబాలు తెలుసుకోవాల్సిన వివరాలు

ఎర్రగుంట్ల అంటే నాపరాయి, సిమెంటు ఫ్యాక్టరీలు, రైల్వే జంక్షన్. సముద్రం ఇక్కడికి దూరం. నెల్లూరు తీరం చూడాలన్నా వెలిగొండలు దాటి పోవాల్సిందే. అయినా ఈ వైపు ఇళ్ళకు సముద్రంతో పని లేదనుకోవడానికి వీల్లేదు. 1995 దాకా హజ్ యాత్రికుల ఓడలు బొంబాయి నుంచి జిద్దాకు నడిచాయి. ఇప్పుడు కడప జిల్లా నుంచి కువైట్‌కు, మిగతా గల్ఫ్ దేశాలకు పోయేవాళ్ళు విమానం ఎక్కుతున్నారు. కానీ అక్కడికి పోయాక కొందరికి దొరికే పని టగ్ బోట్ల మీద, సరుకు పడవల మీద, చమురు రిగ్గులకు మనుషుల్ని చేరవేసే పడవల మీద ఉండొచ్చు. తీరం నుంచి కొంత దూరం పోతే మొబైల్ సిగ్నల్ పోతుంది. ఆ తర్వాత ఆపదలో దిక్కు రేడియోనే.

అందరూ వినే ఒకే చోటు

సముద్రంలో ఆపద పిలుపు ఎవరో ఒకరికి చేసే ఫోన్ లాంటిది కాదు. దగ్గర్లో ఎవరున్నారో పిలిచేవాడికి తెలియదు. అందుకే ప్రపంచమంతా కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలను ఆపద కోసమే పక్కన పెట్టింది. వాటిలో మాట్లాడటం కన్నా వినడం ముఖ్యం.

ఈ సంగతి 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగిన రాత్రి తెలిసొచ్చింది. దగ్గర్లోనే కాలిఫోర్నియన్ అనే ఓడ ఉంది. దాంట్లో ఉన్న ఒకే ఒక్క రేడియో ఆపరేటర్ డ్యూటీ ముగించి పడుకున్నాడు. పిలుపు విన్న కార్పేథియా దూరం నుంచి వచ్చేసరికి టైటానిక్ మునిగిపోయింది. ఆ తర్వాత 1914లో సముద్ర ప్రయాణ భద్రతపై మొదటి అంతర్జాతీయ ఒప్పందం, అంటే సోలాస్, తయారైంది.

చాలా దశాబ్దాల పాటు 500 కిలోహెర్ట్జ్‌లో మోర్స్ కోడ్, 2182 కిలోహెర్ట్జ్‌లో మాట ఆపద పిలుపులకు వాడారు. 500 కిలోహెర్ట్జ్‌లో ప్రతి గంటకు రెండుసార్లు, 15వ నిమిషం నుంచి 18 దాకా, 45 నుంచి 48 దాకా, మామూలు సందేశాలు ఆపేసి అందరూ చెవులు రిక్కించి వినాలి. ఓడ రేడియో గదిలోని గడియారం మీద ఆ మూడేసి నిమిషాలకు ఎర్ర రంగు వేసి ఉండేది. బలహీనమైన పిలుపు ఏదైనా ఉంటే ఆ నిశ్శబ్దంలోనే వినిపించేది.

ఇప్పుడు వాడుతున్నవి

1999 ఫిబ్రవరి 1 నుంచి జీఎండీఎస్ఎస్ అనే కొత్త పద్ధతి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఇందులో మనిషి నిద్రపోయినా యంత్రం వింటుంది. ముఖ్యమైన ఫ్రీక్వెన్సీలు ఇవి:

వీహెచ్ఎఫ్ ఛానల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్: నోటితో మాట్లాడి సాయం అడిగేది. సుమారు 20 నుంచి 30 నాటికల్ మైళ్ళ దాకా పనిచేస్తుంది. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. యాంటెన్నా ఎంత ఎత్తులో ఉంటే అంత దూరం అందుతుంది.

వీహెచ్ఎఫ్ ఛానల్ 70, అంటే 156.525 మెగాహెర్ట్జ్: ఇందులో మాట ఉండదు. ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంటే ఓడ నంబరుతో డిజిటల్ సందేశం పోతుంది. సెట్‌కు జీపీఎస్ కలిపి ఉంటే ఓడ ఎక్కడుందో కూడా పోతుంది. చుట్టుపక్కల ఓడల్లో అలారం మోగుతుంది. తర్వాత ఛానల్ 16లో మాట్లాడతారు.

2187.5 కిలోహెర్ట్జ్: ఇంకాస్త దూరానికి, సుమారు 100 నుంచి 150 నాటికల్ మైళ్ళ దాకా డిజిటల్ పిలుపు. మాటకు 2182 కిలోహెర్ట్జ్.

నడిసముద్రంలో: 8414.5 కిలోహెర్ట్జ్ లాంటి షార్ట్ వేవ్ ఫ్రీక్వెన్సీలు, లేదా శాటిలైట్ ఫోన్. మీడియం వేవ్‌లో ఆకాశవాణి కడప వినేవాళ్ళకు రాత్రిపూట ఎక్కడెక్కడి స్టేషన్లో కూడా పట్టడం గుర్తుండే ఉంటుంది. ఆకాశంలో పైపొరలు రేడియో తరంగాలను వెనక్కి తిప్పడం వల్లే అలా జరుగుతుంది. షార్ట్ వేవ్ పిలుపు దూరం పోవడానికీ అదే కారణం.

406 మెగాహెర్ట్జ్: ఆపద బీకన్ నుంచి నేరుగా శాటిలైట్‌కు పోయే సంకేతం. దగ్గరికి వచ్చాక వెతకడానికి అదే బీకన్ 121.5 మెగాహెర్ట్జ్‌లో కూడా సంకేతం ఇస్తుంది. 2009 ఫిబ్రవరి 1 నుంచి శాటిలైట్లు 121.5ను వినడం ఆపేశాయి. కాబట్టి 121.5 ఒక్కటే ఉన్న పాత బీకన్‌ను నమ్ముకోకూడదు.

మేడే పిలుపులో ఏం చెప్పాలి

ప్రాణాపాయం ఉంటే 'మేడే' అని మూడుసార్లు అంటారు. తర్వాత ఓడ పేరు మూడుసార్లు, కాల్ సైన్, ఎక్కడున్నారో, ఏమైంది, ఏ సాయం కావాలి, ఎంతమంది ఉన్నారు. ప్రాణాపాయం లేని అత్యవసరమైతే 'పాన్ పాన్' అంటారు. పొరపాటున బటన్ నొక్కితే సెట్ కట్టేసి ఊరుకోకూడదు. పొరపాటు జరిగిందని అదే రేడియోలో చెప్పాలి. లేకుంటే ఎక్కడో నిజంగా ఆపదలో ఉన్నవాళ్ళకు అందాల్సిన సాయం ఇటు తిరుగుతుంది.

రేడియోనే పాడైతే?

1961 ఏప్రిల్ 8న దుబాయ్ దగ్గర 'దారా' ఓడలో పేలుడు జరిగింది. బొంబాయికీ గల్ఫ్ రేవులకూ మధ్య తిరిగే ప్రయాణికుల ఓడ అది. 819 మందిలో 238 మంది చనిపోయారు. పేలుడుకు ఓడ రేడియో పనికి రాకుండా పోయింది. మంటలు చూసిన మరో ఓడ రేడియోలో సాయం పిలిచింది.

అలాంటి పరిస్థితికే ఇప్పటి ఓడల మీద 406 మెగాహెర్ట్జ్ బీకన్ ఉంటుంది. ఓడ మునిగితే నీటి ఒత్తిడికి దానంతట అదే విడిపోయి పైకి తేలి సంకేతం పంపుతుంది. బ్యాటరీ కనీసం 48 గంటలు పనిచేయాలి. అయితే బీకన్ రిజిస్టర్ అయి ఉండాలి. అప్పుడే ఆ నంబరు ఏ ఓడదో, ఒడ్డున ఎవరికి ఫోన్ చేయాలో వెంటనే తెలుస్తుంది.

మన దేశంలో వినేది ఎవరు

బీకన్ సంకేతాలు బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరతాయి. అక్కడి నుంచి కోస్ట్ గార్డ్‌కు పోతాయి. ముంబై, చెన్నై, పోర్ట్ బ్లెయిర్‌లో కోస్ట్ గార్డ్ రెస్క్యూ సెంటర్లు ఉన్నాయి. కాకినాడ, నిజాంపట్నం, కృష్ణపట్నంలో కోస్ట్ గార్డ్ స్టేషన్లు ఉన్నాయి. ఆపద గల్ఫ్ జలాల్లో జరిగితే ఇక్కడి సెంటర్ ఆ దేశం సెంటర్‌కు సమాచారం అందిస్తుంది.

సాయానికి ముందు చేరేది దగ్గర్లో ఉన్నవాళ్ళే. 2019 ఆగస్టు 12న విశాఖ తీరానికి అవతల 'కోస్టల్ జాగ్వార్' అనే నౌకలో మంటలు లేచాయి. అందులో ఉన్న 29 మంది నీళ్ళలోకి దూకారు. కోస్ట్ గార్డ్ ఓడ రాణి రాష్మోని అటు తిరిగి వెళ్ళింది. 28 మందిని కాపాడారు.

అంతర్జాతీయ ప్రయాణం చేసే ప్రయాణికుల ఓడలకు, 300 టన్నులు దాటిన సరుకు ఓడలకు జీఎండీఎస్ఎస్ పరికరాలు తప్పనిసరి. చిన్న పడవలకు ఆ ఒప్పందం వర్తించదు. చేపల పడవల కోసం ఇస్రో 2010 నుంచి డాట్ అనే పరికరాన్ని అందుబాటులోకి తెచ్చింది. 2024లో వచ్చిన రెండో తరం డాట్‌లో, పంపిన పిలుపు అందిందని నావిక్ శాటిలైట్ ద్వారా తిరిగి జవాబు వస్తుంది.

ఇంట్లో రాసిపెట్టుకోవాల్సినవి

పిల్లవాడు ఓడ ఎక్కే ముందు ఇంట్లోవాళ్ళు అడిగి రాసుకోవాల్సినవి ఐదు: ఓడ పేరు, ఐఎంఓ నంబరు (ఏడు అంకెలు), రేడియో గుర్తింపు నంబరు ఎంఎంఎస్ఐ (తొమ్మిది అంకెలు, భారత ఓడలదైతే 419తో మొదలవుతుంది), కంపెనీ 24 గంటల ఫోన్ నంబరు, ఓడ ఏ రేవు నుంచి ఏ రేవుకు పోతోంది. చిన్న పడవ అయితే మరో రెండు ప్రశ్నలు అడగాలి: ఛానల్ 16 సెట్ ఉందా? రిజిస్టర్ అయిన 406 బీకన్ ఉందా? లేదంటే ఆ పని ఒప్పుకునే ముందు బాగా ఆలోచించాలి.

కబురు అందక కంగారుగా ఉంటే మొదట కంపెనీకి ఫోన్ చేయాలి. ఆపద ఉందని తెలిస్తే ఆలస్యం చేయకుండా కోస్ట్ గార్డ్ టోల్ ఫ్రీ నంబరు 1554కు చేయాలి. 'మా వాడు గల్ఫ్‌లో ఏదో ఓడ మీద ఉన్నాడు' అని చెబితే ఎక్కడ వెతకాలో వాళ్ళకు తెలియదు. ఓడ పేరు, నంబరు చెబితే పని వెంటనే మొదలవుతుంది. దువా ఎలాగూ చేస్తారు. దాంతో పాటు ఈ కాగితం ఒకటి ఇంట్లో అందరికీ కనపడే చోట పెట్టుకోవడం మంచిది.