విధి, యాదృచ్ఛికత

మనుష్యుల జీవితంలోని సంఘటనలు ఎలా సంభవిస్తాయన్న ప్రశ్నకు అనాదిగా వినవచ్చే రెండు ప్రధాన సమాధానాలు విధి, యాదృచ్ఛికత. ప్రతి సంఘటన ముందే నిర్ణయమైనదని లేదా ఒక ప్రయోజనం కోసం జరుగుతుందని చెప్పేది విధివాదం. ఎవరి సంకల్పమూ లేకుండా, ముందుగా ఊహించడానికి వీలులేని విధంగా జరిగేది యాదృచ్ఛికం. ఈ చర్చ తత్త్వశాస్త్రానికే పరిమితం కాదు. రోగం, ప్రమాదం, పంట నష్టం వంటివి కలిగినపుడు బాధ్యులు ఎవరు, ఇకముందు ఏమి చెయ్యాలి అనేవి ఈ ప్రశ్నకు చెప్పుకునే సమాధానం మీదే ఆధారపడి ఉంటాయి.

పదాలు, అర్థాలు

విధి అనే సంస్కృత పదానికి నియమం, కర్తవ్యం, బ్రహ్మ, అదృష్టం అనే అర్థాలు ఉన్నాయి. వాడుక తెలుగులో దీనికి దగ్గరగా తలరాత, నుదుటి రాత, ప్రాప్తం, రాసిపెట్టి ఉండడం వంటి మాటలున్నాయి. యాదృచ్ఛికం అనే మాట యదృచ్ఛ నుండి వచ్చింది. సంబంధం లేని రెండు సంఘటనలు ఒకేసారి జరగడాన్ని కాకతాళీయం అంటారు. కాకి వచ్చి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే, కాకి వల్లనే పండు రాలిందని అనుకోవడం పొరపాటు కావచ్చునని ఈ న్యాయం తెలుపుతుంది. పురుగు కొయ్యను తొలిచినపుడు ఏర్పడిన గీత అక్షరంలా కనబడితే దానిని ఘుణాక్షర న్యాయం అంటారు. అక్కడ అక్షరం ఉంది కాని రాసినవారు లేరు.

తెలుగులో "ఎందుకు" అనే ప్రశ్నలో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. ఒకటి "ఎందువల్ల", అనగా కారణం. రెండవది "దేనికోసం", అనగా ప్రయోజనం. "నాకే ఎందుకిలా జరిగింది" అని దుఃఖంలో అడిగేవారు ఈ రెండింటినీ కలిపి అడుగుతారు. కారణం ఉన్న ప్రతి సంఘటనకూ ప్రయోజనం ఉండి తీరాలన్న నియమం లేదు. ఈ రెండింటినీ వేరు చేసి చూడటం ఈ చర్చలో చాలా ముఖ్యం.

భారతీయ చింతనలో

శ్వేతాశ్వతరోపనిషత్తు మొదటి అధ్యాయంలో జగత్తుకు మూలం ఏమిటన్న విచారణ ఉంది. అందులో కాలం, స్వభావం, నియతి, యదృచ్ఛ, భూతాలు, పురుషుడు అనే వాటిని ఒక్కొక్కటిగా ప్రస్తావించారు. అనగా యాదృచ్ఛికత అనే భావన ఆ కాలానికే పరిశీలనలో ఉన్నది. మక్ఖలి గోసాలుని బోధలను అనుసరించిన ఆజీవకులు అన్నీ నియతి ప్రకారమే జరుగుతాయనీ, మానవ ప్రయత్నానికి ఫలితం లేదనీ భావించారు. బౌద్ధులు దీనిని ఖండించారు. ఆంధ్రదేశంతో సంబంధం కలిగిన ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికల ఆరంభంలోనే, ఏ వస్తువూ కారణం లేకుండా పుట్టదని తెలిపాడు.

కర్మ సిద్ధాంతం విధివాదంతో సమానం కాదు. విధివాదంలో ఫలితం బయటినుండి నిర్ణయమవుతుంది. కర్మ సిద్ధాంతంలో అది జీవుడు చేసిన పనులను అనుసరించి వస్తుంది. మహాభారతం అనుశాసన పర్వంలో దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అని ధర్మరాజు అడుగుతాడు. పురుషకారం పొలం వంటిదనీ, దైవం విత్తనం వంటిదనీ, రెండూ కలిస్తేనే పంట పండుతుందనీ భీష్ముడు సమాధానం చెబుతాడు. తెలుగులో ఈ పర్వాన్ని తిక్కన రచించాడు.

గౌతమి కథ

సంస్కృత మహాభారతంలో అనుశాసన పర్వం మొదటి అధ్యాయంలోని గౌతమి కథ ఈ విషయానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. గౌతమి అనే వృద్ధురాలి కొడుకు పాముకాటుతో మరణిస్తాడు. అర్జునకుడనే బోయ ఆ పామును పట్టి తెచ్చి, చంపుతానంటాడు. దానిని చంపినంత మాత్రాన కొడుకు బతికి రాడని గౌతమి వారిస్తుంది. తనను మృత్యువు పంపిందని పాము చెబుతుంది. తనను కాలుడు ప్రేరేపించాడని మృత్యువు చెబుతుంది. బాలుని కర్మయే కారణమని కాలుడు చెబుతాడు. చివరకు పామును విడిచిపెడతారు. యుద్ధంలో బంధునాశనానికి తానే కారకుడనని కుమిలిపోతున్న ధర్మరాజుకు భీష్ముడు ఈ కథ చెబుతాడు. ఇక్కడ కారణాన్ని వెతకడం ప్రతీకారాన్ని ఆపింది. అయితే అదే సమాధానం మరణించిన బాలునిమీదే భారం మోపుతుందన్న విమర్శకూ అవకాశం ఉంది.

గ్రామీణ విశ్వాసాలు

తెలంగాణ గ్రామాలలో రోగాలకు, కరువుకు గ్రామదేవతల ఆగ్రహం కారణమన్న విశ్వాసం ఉండేది. పోచమ్మను ముఖ్యంగా మశూచి వంటి వ్యాధులనుండి కాపాడే దేవతగా కొలుస్తారు. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలోని బోరంచ గ్రామంలో నల్లపోచమ్మ ఆలయం ఉంది. మశూచికి కారణం వైరస్ అని తేలింది. టీకాల వలన భారతదేశంలో 1975 తరువాత ఈ వ్యాధి కనబడలేదు. ప్రపంచమంతటా నిర్మూలన జరిగిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. వ్యాధి పోయినా పోచమ్మ పూజ పోలేదు. భక్తులకు అది వ్యాధి కారణాన్ని వివరించే మార్గం మాత్రమే కాదనీ, భయంలో ధైర్యాన్నీ, ఊరందరినీ కలిపే సందర్భాన్నీ ఇచ్చే ఆచారమనీ దీనివలన తెలుస్తుంది.

ఇదే పూర్వపు మెదక్ జిల్లాలో బాణామతి అనే నమ్మకం కూడా ఉంది. అకారణంగా కనిపించే జబ్బు, పశువుల మరణం వంటివాటిని ఎవరో చేసిన చేతబడిగా భావించి, అనుమానితులపై దాడులు చేసిన సంఘటనలు జరిగాయి. జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఈ నమ్మకానికి వ్యతిరేకంగా ప్రచారం చేశాయి. కాకతాళీయాన్ని అంగీకరించలేకపోవడం వలన కలిగే హానికి ఇది తీవ్రమైన ఉదాహరణ.

ఇటువంటి ఆలోచన ఒక్క ప్రాంతానిది కాదు. ఆఫ్రికాలోని అజాండే ప్రజల గురించి మానవశాస్త్రవేత్త ఇవాన్స్ ప్రిచర్డ్ 1937లో ప్రచురించిన గ్రంథంలో ఒక ఉదాహరణ ఉంది. చెదలు పట్టిన గాదె కూలి, దాని నీడలో కూర్చున్నవారికి దెబ్బలు తగులుతాయి. చెదల వల్ల కూలిందని అజాండేలకు తెలుసు. సరిగ్గా ఆ మనిషి కూర్చున్న సమయంలోనే ఎందుకు కూలిందన్నదే వారి ప్రశ్న. దానికి వారి సమాధానం చేతబడి. ఆధునిక శాస్త్రం ఈ రెండవ ప్రశ్నకు చెప్పే సమాధానం యాదృచ్ఛికత.

సంభావ్యతా శాస్త్రం

యాదృచ్ఛిక సంఘటనలను గణితరీత్యా అధ్యయనం చేసేది సంభావ్యతా శాస్త్రం. ఎగురవేసిన నాణెం బొమ్మ పడుతుందో బొరుసు పడుతుందో చెప్పలేము. కాని వేలసార్లు ఎగురవేస్తే సుమారు సగం సార్లు బొమ్మ పడుతుందని చెప్పగలము. నాణెం భౌతిక నియమాల ప్రకారమే పడుతుంది. మనకు అన్ని వివరాలు తెలియకపోవడం వలన అది యాదృచ్ఛికంగా కనబడుతుంది. రేడియోధార్మిక పదార్థంలో ఒక పరమాణువు ఏ క్షణంలో క్షయమవుతుందన్నది మాత్రం, క్వాంటం సిద్ధాంతపు ప్రధాన వివరణ ప్రకారం, స్వభావసిద్ధంగానే యాదృచ్ఛికం.

అరుదుగా తోచే సంఘటనలు లెక్కవేస్తే సాధారణమైనవే కావచ్చు. ఒక గదిలో 23 మంది ఉంటే వారిలో ఏ ఇద్దరి పుట్టినరోజైనా ఒకటే అయ్యే అవకాశం సగానికి కొంచెం ఎక్కువ. 40 మంది ఉన్న తరగతిలో ఇది సుమారు 89 శాతం.

తెలుగు కుటుంబంలో జన్మించిన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్.రావు (1920–2023) ఈ రంగంలో ప్రపంచ ప్రసిద్ధుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన రావుకు, దరఖాస్తు ఆలస్యంగా చేరడం వలన పరిశోధన ఉపకారవేతనం దక్కలేదు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళగా అదీ రాలేదు. అక్కడ బసచేసిన చోట అనుకోకుండా పరిచయమైన ఒక వ్యక్తి ద్వారా భారతీయ గణాంక సంస్థ గురించి తెలుసుకొని 1941లో అందులో చేరాడు. 1945లో ప్రచురించిన పరిశోధనలో క్రామర్–రావు అసమానతను తెలిపాడు. యాదృచ్ఛికతను మానవ ప్రయోజనానికి ఎలా వినియోగించుకోవచ్చో వివరిస్తూ "స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్" అనే గ్రంథం రచించాడు. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి పొందాడు. ఆ పరిచయం విధి అని కొందరు అనవచ్చు, యాదృచ్ఛికం అని మరికొందరు అనవచ్చు. దానిని వినియోగించుకోవడానికి కావలసిన గణిత పరిజ్ఞానం మాత్రం ఆయన శ్రమవల్ల వచ్చినది.

విపత్తులు, బాధ్యత

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించారు. 1990 మే నెలలో దాదాపు అంతే తీవ్రతగల తుఫాను కోస్తా ఆంధ్రను తాకినపుడు మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఉంది. ముందస్తు హెచ్చరికలు, లక్షలమందిని సురక్షిత ప్రాంతాలకు తరలించడం ఇందుకు ముఖ్య కారణాలు. తుఫాను ఎప్పుడు, ఎక్కడ తీరం దాటుతుందన్నది మనుష్యుల చేతిలో లేదు. ఎంతమంది మరణిస్తారన్నది చాలావరకు వారి చేతిలోనే ఉన్నదని ఈ రెండు సంఘటనల పోలిక తెలుపుతుంది. నివారించదగిన నష్టాన్ని విధి అనడం నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చుతుంది.

మానసిక శాస్త్రం

లోకంలో ఎవరికి తగినది వారికే జరుగుతుందని మనుష్యులు నమ్మగోరుతారని మెల్విన్ లెర్నర్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. 1966లో ప్రచురించిన ప్రయోగంలో, ఏ తప్పూ చేయని వ్యక్తి బాధపడటాన్ని చూసినవారు, ఆ బాధను ఆపలేని స్థితిలో ఆ వ్యక్తినే చులకనగా అంచనా వేశారు. భర్తను కోల్పోయిన స్త్రీని అపశకునంగా చూడటం, వైకల్యాన్ని పూర్వజన్మ పాపంగా భావించడం వంటి ఆచారాలలో కూడా ఇదే ధోరణి కనబడుతుంది.

మరొకవైపు, తమ కష్టానికి ఏదో ఒక అర్థం ఉన్నదన్న భావన దుఃఖాన్ని తట్టుకోవడానికి చాలామందికి తోడ్పడుతుంది. కష్టపడినవారు తమ జీవితానికి తామే చెప్పుకునే అర్థానికీ, ఇతరులు వారిపై మోపే అర్థానికీ చాలా భేదం ఉంది. మొదటిది ఓదార్పు కాగలదు, రెండవది నింద కాగలదు.

ఇవి కూడా చూడండి

కర్మ సిద్ధాంతం
ఆజీవకులు
సంభావ్యత
సి.ఆర్.రావు
పోచమ్మ
బాణామతి
దివిసీమ ఉప్పెన