చివరి పొలము, చీకటి తెర

పలనాటి సీమలో పైరు ఎండినప్పుడు రైతు ఆకాశమువంక చూచుటతో సరిపెట్టుకొనక కాలువవెంట నడచుట నేర్చి అర్ధశతాబ్దము దాటినది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిన నాటినుండి, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిన నాటివరకు ఎదురుచూచిన ఈ ప్రాంతమునకు, కుడి కాలువ నీటితోపాటు ఒక విద్యయు అబ్బినది. చివరి పొలమునకు తడి అందనప్పుడు రొంపిచెర్ల రైతు తన మడిలో నిలిచి విచారింపడు; పార భుజమున వేసికొని పిల్లకాలువ గట్టు పట్టి ఎగువకు నడచును; గండి పడినదా, పూడిక నిండినదా, ఎగువవాడు అడ్డుకట్ట వేసెనా, తూము తలుపే ఎత్తలేదా అని ఒక్కొక్కటే చూచుకొనుచు పోవును. పాత ల్యాప్‌టాప్ తెర చీకటియైనప్పుడు చేయవలసిన పనియు ఇదియేనని నేను ఆలస్యముగా గ్రహించితిని. తెరకు బొమ్మ చేరు దారియు ఒక కాలువయే. ఆ కాలువ ఒక్కనాడు త్రవ్వినది కాదు. ఒక్కొక్క భాగమును ఒక్కొక్క కాలమున ఒక్కొక్కరు త్రవ్విరి. ఏ భాగము ఎప్పటిదో ఎరిగినవానికే గండి ఎక్కడ పడినదో తెలియును.

ఇట్టి యంత్రములు మా ఊళ్లకు ఎట్లు వచ్చెనో మొదట చెప్పవలెను. ఇంజనీరింగు చదువులు పల్లెల గడప త్రొక్కిన రోజులలో, మిరప అమ్మిన సొమ్ముతోనో ప్రత్తి అమ్మిన సొమ్ముతోనో తండ్రులు బిడ్డలకు కొనిపెట్టిన ల్యాప్‌టాప్‌లు, ఆ బిడ్డలు హైదరాబాదుకో బెంగళూరుకో ఉద్యోగములకు పోయి క్రొత్తవి కొనుక్కొనగా, పాత పుస్తకముల సరసన అటకలెక్కినవి. 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ ఎక్స్‌పీ బాధ్యతను వదలుకొనుటచే, ఒక్క గిగాబైటు ర్యాముతో నడచు యంత్రములకు దిక్కు లేకపోయినది. అప్పుడు వాటికి దారి చూపినవి లినక్సు కుటుంబములోని తేలికపాటి ఆపరేటింగు సిస్టములు. ఆస్ట్రేలియాలో బారీ కౌలర్ 2003లో వెలువరించిన పప్పీ లినక్సు, తైవాను దేశీయుడు హాంగ్ జెన్ యీ 2006లో ఆరంభించిన ఎల్‌ఎక్స్‌డీఈ అను డెస్క్‌టాపుతో వచ్చునవి, గ్రీసు దేశమునుండి వచ్చిన యాంటీఎక్స్ మొదలైనవి ఆడంబరమును విడిచి, ఉన్నంతలో సంసారము గుట్టుగా నడపు ఇల్లాలివలె, కొద్దిపాటి వనరులతోనే పని నెరవేర్చునవి. మా ఇంటి అటక దిగిన ల్యాప్‌టాప్‌నకు రెండవ జన్మ నిచ్చినది అట్టిదే యొకటి.

కల్లముల నిండ మిరపకాయలు ఆరుచున్న ఒక సాయంకాలము ఆ తెర ఆరిపోయినది. ఫ్యాను తిరుగుచున్నది, అడుగు వెచ్చగా ఉన్నది, తెర మాత్రము అమావాస్య. నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేయు కుర్రవానికి ఫోను చేయగా అతడేమియు తొందరపడలేదు. “బాబాయ్, క్యాప్స్‌లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుందా?” అని అడిగెను. వెలిగి ఆరుచున్నది. “అయితే మిషను బతికే ఉంది. గదిలో లైటు తీసేసి, తెరమీద టార్చి ఏటవాలుగా వేసి చూడండి.” అట్లే చూచితిని. మసక నీటి అడుగున చేపపిల్లవలె మౌసు బాణపు గుర్తు సన్నగా కదలినది. బొమ్మ వచ్చుచునే యున్నది. దానిని చూపు దీపమే ఆరినది.

ఎల్‌సీడీ తెర తనంత తాను వెలుగదు. దాని వెనుక ఒక దీపము ఉండవలెను. 2010 ప్రాంతమువరకు అనేకములైన ల్యాప్‌టాప్‌లలో ఆ దీపము చీపురుపుల్ల లావున నుండు గాజుగొట్టము. మన ఇళ్లలోని ట్యూబ్‌లైటు వంశములోనిదే. పాదరసపు ఆవిరితో వెలుగునది. దానిని వెలిగించుటకు వందల వోల్టులు కావలెను గనుక, తెర అడుగున ఇన్వర్టరను సన్నని పలక యొకటి బిగించెడివారు. ఆ గొట్టము ముసలిదైనప్పుడు తెర మొదట ఎరుపు తిరుగును, తరువాత మినుకుమినుకుమనును, తుదకు ఆరును. ఎల్‌ఈడీ దీపములు వచ్చిన పిమ్మట ఆ గొట్టమును, ఆ అధిక వోల్టేజియును తొలగిపోయినవి. కాని మూత తెరచి మూయు చోట, మడతబందు గుండా పోవు కేబులు మాత్రము నేటికిని తొలగలేదు. ఆ కేబులులో బొమ్మ ప్రయాణించు ఎల్‌వీడీఎస్ పద్ధతి 1990ల నడుమ నేషనల్ సెమికండక్టరు సంస్థ రూపొందించినది. ఏండ్ల తరబడి మూత ఎత్తి దించుటచే ఆ తీగలు అరుగును. మూత వాలును బట్టి గీతలు వచ్చుచు పోవుచు నుండెనేని, అపరాధి తెర కాదు, కేబులే.

ఈ సంగతి తేల్చుకొనుటకు మరియొక పరీక్ష కలదు. 1987లో ఐబీఎం సంస్థ తన పీఎస్/2 యంత్రములతో ప్రవేశపెట్టిన వీజీఏ రంధ్రము, పదునైదు సూదులు పట్టునది, పాత ల్యాప్‌టాప్‌ల ప్రక్కన ఇంకను కనబడును. దానికి బయటి మానిటరు తగిలింపగా అందు బొమ్మ చక్కగా వచ్చినచో, గండి దిగువన నున్నదని అర్థము. అక్కడను రానిచో ఎగువకు నడువవలసినదే. మాకు బయటి తెరపై బొమ్మ వచ్చినది. కుర్రవాడు బ్యాటరీ తీసి, మడతబందు మూత విప్పి, పైతొడుగు చిరిగి రాగి బయటపడిన సన్నని తీగ నొకదానిని నా చేతి గోటికి తగిలించి చూపెను. కేబులు మార్చగానే దీపము వెలిగినది.

అంతటితో కథ ముగియలేదు. ఉత్సాహముకొలది ఆపరేటింగు సిస్టములో క్రొత్త కూర్పును ఎక్కింపగా, ఆరంభమున తెల్లని అక్షరములు నాలుగు వరుసలు పరుగెత్తి, మరల చీకటి క్రమ్మినది. ఈసారి దీపము వెలుగుచున్నది గాని బొమ్మ లేదు. దీనికి కారణము వేరొక కాలమునకు చెందినది. పూర్వము తెర కొలతలను నిర్ణయించు అధికారము లినక్సునకు నడిబొడ్డైన కెర్నెలునకు లేదు. దానిపైన నడచు చిత్రవ్యవస్థ చేతిలో నుండెడిది. 2009 మార్చిలో వెలువడిన 2.6.29 కూర్పుతో, మొదట ఇంటెల్ చిప్పుల విషయమున, ఆ అధికారము కెర్నెలునకు సంక్రమించినది. తూము తాళపుచెవి చేతులు మారినది. మేలే జరిగినది, కాని కొన్ని పాత చిప్పులకును క్రొత్త కెర్నెలునకును మాట కుదరక, తూము తలుపు మూసికొనిపోవును. అప్పుడు యంత్రము మేల్కొనునప్పుడు కనబడు గ్రబ్ అను పట్టికలో ఇంగ్లీషు ‘ఇ’ మీట నొక్కి, ‘లినక్స్’ అని ఆరంభమగు పంక్తి చివర ‘నొమోడ్‌సెట్’ అను మాటను చేర్చి, ఎఫ్10 నొక్కవలెను. బొమ్మ మోటుగా, అక్షరములు లావుగా వచ్చును, అయినను వచ్చును. అది మట్టికట్ట వేసి నీరు మళ్లించుకొనుటవంటి తాత్కాలికోపాయమే గాని శాశ్వతమైన చికిత్స కాదు. ఆ వెలుగులో కూర్చుండి, ఆ చిప్పునకు తగిన డ్రైవరునో, పాత కెర్నెలునో వెదకికొనవలెను.

ఇంకను ఎగువన నున్నది ఎక్స్ అను చిత్రవ్యవస్థ. అది 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ అనువారి చేతులలో రూపు దిద్దుకొన్నది. నేటికిని నడచుచున్న దాని పదునొకండవ కూర్పు, వీజీఏ పుట్టిన 1987వ సంవత్సరముననే వెలువడినది. దాని ఎక్స్‌ఫ్రీ86 రూపము వాడుకలో నున్న కాలమున, మానిటరు నిమిషనిమిషమునకు కాదు, క్షణక్షణమునకు ఎన్ని గీతలు గీయగలదో మనుష్యుడే లెక్కకట్టి ఒక ఫైలులో వ్రాయవలసి యుండెడిది. ఆ అంకెలు తప్పినచో కొన్ని పాత గాజుబుడ్డి మానిటర్లు చెడిపోవు ప్రమాదమును కలదు. 2004లో ఎక్స్.ఆర్గ్ సంస్థ ఆ బాధ్యత స్వీకరించిన పిదప, క్రమముగా తెర తన కొలతలు తానే చెప్పుకొనుటయు, వ్యవస్థ విని సర్దుకొనుటయు సాధ్యమైనవి. ఇప్పుడు కొలత తప్పినచో ఎక్స్‌రాండ్ఆర్ అను ఆజ్ఞతో సవరించుకొనవచ్చును. బొమ్మ యేమియు రానిచో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 మీటలు కలిపి నొక్కి అక్షరముల గదిలోనికి దిగి, ఎక్స్ వ్రాసికొన్న దినచర్యలో జంట ‘ఇ’కారములతో గుర్తు పెట్టిన పంక్తులను చదువవలెను. తప్పెక్కడ జరిగెనో ఆ పంక్తులే చెప్పును.

ఆ అక్షరముల గదిలో నేను చాలసేపు కూర్చుంటిని. నాకు ఇచట చెప్పవలసిన మాట యొకటి కలదు. ఆ నల్లని గదిలో తెలుగు కనబడదు. గుణింతమును, ఒత్తును కూర్చు శక్తి దానికి లేదు. రోగము కుదుర్చు గది మన భాష ఎరుగదు; చికిత్స తెలుపు గ్రంథములును మన భాషలో మిక్కిలి అరుదు. కాలువ మరమ్మతును తెలుగులోనే నేర్చిన రైతు, తెర మరమ్మతునకు వచ్చుసరికి పరాధీనుడు కావలసిన పని లేదు. కుర్రవాడు ఫోనులో నాకు చెప్పిన నాలుగు మాటలే శాస్త్రము. అట్టి మాటలు అచ్చులోనికి రావలెనను కోరికతోనే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

తుదిమెట్టు తెలుగుదే. కొలతలు కుదిరి, తెర నిండ బొమ్మ వచ్చిన పిమ్మట ఊరి పేరు టైపు చేయగా, అక్షరములకు బదులు ఖాళీ డబ్బాలు వరుసగా నిలిచినవి. 1991లో యూనికోడు తొలి కూర్పుననే తెలుగునకు చోటు లభించినది. కాని చోటు దొరకుట వేరు, రూపు దొరకుట వేరు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను పేర్లతో ఫాంటులు రూపొందించి అందరికి ఉచితముగా ఇచ్చుటయు, లోహిత్ వంటివి వచ్చుటయు, ఒత్తులను కూర్చు పరికరములు సిద్ధపడుటయు పలువురి శ్రమఫలము. తేలికపాటి సిస్టములు బరువు తగ్గించుకొనుటలో మొదట దించివేయునది ఇట్టి ఫాంటులనే. అవి లినక్సు కుటుంబములోనిదే యైన డెబియన్ భాండారమున భద్రముగనే యున్నవి, అడిగి తెచ్చుకొనవలెను.

తెచ్చి అమర్చి, ఊరి పేరు మరల టైపు చేసితిని. ‘రొంపిచెర్’ వరకు వచ్చి ఒక్క క్షణము పొల్లు నిలిచినది. తరువాతి మీట నొక్కగానే ఆ పొల్లు మాయమై, లకారము రేఫము క్రిందికి దిగి ఒత్తుగా కుదురుకొన్నది.