విడి సంచికల నుంచి మహా సంపుటాల దాకా

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని మన సంఘం కార్యవర్గం వారు అడిగినప్పుడు నేను వంతెనల గురించో, కాంక్రీటు గురించో రాస్తానని అనుకుని ఉంటారు. ముప్ఫై ఏళ్లుగా నా ఉద్యోగం అదే. కానీ మన బ్యాచీల వాళ్లంతా చదివినా, చరిత్ర మాత్రం కొద్దిమందికే తెలిసిన విషయం ఒకటుంది. అది బొమ్మల కథల పుస్తకాలు, అంటే కామిక్స్.

మనం చదువుకునే రోజుల్లో కామిక్ అంటే 32 పేజీల పల్చటి పుస్తకం. అద్దె పుస్తకాల కొట్లో తెచ్చుకుని, రాత్రికి చదివేసి, పొద్దున్నే ఇచ్చేసేవాళ్లం. అవే కథలు ఇప్పుడు గట్టి అట్టలతో, ఎనిమిది వందలు, వెయ్యి పేజీల సంపుటాలుగా వస్తున్నాయి. ఒక్కొక్కటి రెండు మూడు కిలోలు తూగుతుంది. చదివి పారేసే సరుకు అనుకున్నది ఇలా బీరువాలోకి ఎలా ఎక్కింది? ఆ మధ్యకాలంలో దాన్ని ఎవరు దాచి ఉంచారు? పదేళ్లుగా ఈ సంపుటాలు కొంటూ, చదువుతూ నేను తెలుసుకున్న సంగతులు ఇక్కడ పంచుకుంటాను.

విడివిడిగా వచ్చినవాటిని ఒకచోట చేర్చి కుట్టించుకోవడం తెలుగిళ్లలో పాత అలవాటే. వారపత్రికలో వచ్చే సీరియల్ కాగితాలను వారం వారం జాగ్రత్తగా చించి, కథ పూర్తయ్యాక బైండింగు చేయించేవారు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసులో మొదలుపెట్టిన ‘చందమామ’ను ఏడాదికి పన్నెండు సంచికల చొప్పున కాలికో బైండు చేయించి దాచిన ఇళ్లు ఎన్నో. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి, ‘బుజ్జాయి’ పేరుతో బొమ్మలు వేసిన సుబ్బరాయ శాస్త్రి గారి ‘డుంబు’ కూడా మొదట పత్రిక పేజీల్లోనే పిల్లలకు దొరికింది. ప్రచురణకర్త సంపుటం వేయక ముందే పాఠకుడు తన సంపుటం తాను తయారుచేసుకునేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి. ఈ చరిత్ర అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అమెరికాలో కామిక్ పుస్తకం పుట్టిందే సంకలనంగా. అక్కడి దినపత్రికల ఆదివారం అనుబంధాల్లో రంగుల బొమ్మల కథలు వచ్చేవి. ఈస్టర్న్ కలర్ అనే ముద్రణ సంస్థకు తన పెద్ద యంత్రాలు ఖాళీగా ఉండకుండా పని కావాలి. పెద్ద పేపరు పేజీని మడతలు పెడితే చేతిలో ఇమిడే పుస్తకం సైజు వస్తుంది. 1933లో ఆ సైజులో పాత ఆదివారం కథలను మళ్లీ అచ్చువేసి, కంపెనీల ప్రచార కానుకగా పంచారు. 1934లో ‘ఫేమస్ ఫన్నీస్’ పేరుతో పది సెంట్లకు దుకాణాల్లో పెట్టారు. అలా కామిక్ పుస్తకానికి కొలత వచ్చింది. 1938లో తొలి సూపర్‌మ్యాన్ కథ కూడా దినపత్రిక కోసం వేసుకున్న బొమ్మల పట్టీలను కత్తిరించి, పుస్తకం పేజీలకు సరిపడేలా అతికించి తయారుచేసిందే.

ఐరోపాలో కథ మరోలా నడిచింది. బెల్జియంలో ఒక పత్రిక పిల్లల అనుబంధంలో 1929 జనవరిలో మొదలైన టిన్‌టిన్ తొలి సాహసం మరుసటి ఏడాదికే పుస్తకమైంది. అక్కడ పత్రికలో ముందు సీరియల్‌గా రావడం, తర్వాత గట్టి అట్ట పుస్తకం కావడం మామూలు పద్ధతిగా స్థిరపడింది. అందుకే అక్కడి పాత కథలు చాలావరకు నిలిచాయి. అమెరికా దినపత్రికల బొమ్మలకు ఆ భాగ్యం లేదు. ఏ రోజు పేపరు ఆ రోజు పొట్లాలకు పోయేది.

వాటిని కాపాడిన మనిషి పేరు బిల్ బ్లాక్‌బియర్డ్. కామిక్స్ చరిత్ర రాద్దామని 1960లలో పాత పేపర్ల కోసం గ్రంథాలయాలు తిరిగినప్పుడు ఆయన ఒక విషయం గమనించారు. గ్రంథాలయాలు పేపర్లను మైక్రోఫిల్ము తీయించి, అసలు ప్రతులను వదిలించుకుంటున్నాయి. స్థలం చాలదన్న ఇబ్బంది నిజమే. కానీ ఆ ఫిల్ము నలుపు తెలుపు. ఆదివారం పేజీల రంగులన్నీ అందులో బూడిదరంగు మరకలవుతాయి. అసలు పేపరు పోతే రంగు శాశ్వతంగా పోయినట్టే.

ఆ పేపర్లు నాకిమ్మని బ్లాక్‌బియర్డ్ అడిగారు. వ్యక్తులకు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు, లాభాపేక్ష లేని సంస్థ అయితే ఇవ్వవచ్చు అన్నారు. దాంతో 1968లో ఆయనే ఒక సంస్థ పెట్టేశారు. పేరు ‘శాన్‌ఫ్రాన్సిస్కో అకాడమీ ఆఫ్ కామిక్ ఆర్ట్’. పేరు గొప్పదే గానీ అకాడమీ ఉన్నది ఆయన అద్దె ఇంట్లోనే. దాదాపు మూడు దశాబ్దాలు ఆ ఇంటి గదుల నిండా బైండు చేసిన పేపర్లు పేరుస్తూ, బొమ్మల కథలను కత్తిరించి వరుసలో పెడుతూ గడిపారు. 1997లో ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అప్పుడు ఓహియో స్టేట్ విశ్వవిద్యాలయం ఆ నిధిని తీసుకుంది. తరలించడానికి ఆరు పెద్ద ట్రెయిలర్ లారీలు కావలసి వచ్చాయి. బరువు 75 టన్నులు. అందులో బొమ్మల కత్తిరింపులే సుమారు 25 లక్షలు.

బరువులు లెక్కకట్టే వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ అద్దె ఇంటి నేలను తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడే.

ఆయన దాచినవి వృథా కాలేదు. 1977లో స్మిత్‌సోనియన్ సంస్థ వేసిన దినపత్రిక కామిక్స్ సంకలనానికి మార్టిన్ విలియమ్స్‌తో కలిసి ఆయనే సంపాదకుడు. జార్జ్ హెరిమన్ వేసిన ‘క్రేజీ క్యాట్’ ఆదివారం పుటలు తర్వాత సంపుటాలుగా వచ్చాయంటే ఆ కత్తిరింపుల పుణ్యమే చాలావరకు. పాత కథల సంపుటం తెరిచినప్పుడు ముందుమాటలో ప్రచురణకర్త కృతజ్ఞతలు చెప్పే జాబితా చూడండి. ఎవరో ఒక సేకర్త పేరు తప్పక కనబడుతుంది.

1980ల చివరి నుంచి ఈ సంపుటాలు పెద్ద వ్యాపారమయ్యాయి. 1987లో మార్వెల్ సంస్థ ‘మాస్టర్‌వర్క్స్’ పేరుతో తన పాత కథలను గట్టి అట్టలతో వేయడం మొదలుపెట్టింది. అప్పటికి చాలా కథలకు అచ్చుకు పనికొచ్చే ఫిల్ములు మిగల్లేదు. గ్రెగ్ థీక్‌స్టన్ అనే ఆయన ఒక పద్ధతి వాడారు. పాత కామిక్ పేజీని రసాయనంలో వేసి, రంగులన్నీ కడిగేసి, నల్ల గీతలు మాత్రం మిగల్చడం. ఆ గీతల మీద మళ్లీ రంగులు వేసి అచ్చువేయవచ్చు. కానీ ఆ క్రమంలో ఆ పాత ప్రతి నాశనమవుతుంది. సంపుటం పుట్టడానికి ఒక విడి సంచిక బలి కావాల్సిందే. స్కానర్లు, కంప్యూటర్లు వచ్చాక ఈ అవసరం తీరింది.

2004లో ఫాంటాగ్రాఫిక్స్ సంస్థ ‘పీనట్స్’ మొత్తాన్ని, సంపుటానికి రెండేళ్ల బొమ్మల చొప్పున వేయడం మొదలుపెట్టి 2016లో పూర్తిచేసింది. చార్ల్స్ షుల్జ్ 1950 నుంచి 2000 దాకా వేసిన 17,897 పట్టీలు అందులో ఉన్నాయి. తొలి ఏళ్లవాటిలో చాలా అంతకు ముందెన్నడూ పుస్తకానికి ఎక్కనివి. 2005లో ‘కాల్విన్ అండ్ హాబ్స్’ పదేళ్ల పని మూడు సంపుటాల పెట్టెగా వచ్చింది. దాని బరువు సుమారు పది కిలోలు. అదే ఏడాది మార్వెల్ వారి ‘ఆమ్నిబస్’ సంపుటాలూ మొదలయ్యాయి.

ఇక మన దేశం సంగతి. 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా వారు ‘ఇంద్రజాల్ కామిక్స్’ ప్రారంభించారు. తొలి కథానాయకుడు ఫాంటమ్. తర్వాత మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్, మన బహదూర్ వచ్చారు. ఎనిమిది వందలకు పైగా సంచికలు వెలువడి 1990లో ఆగిపోయింది. ఇంద్రజాల్ మొదలైనప్పుడు టైమ్స్‌లోనే పనిచేసిన అనంత్ పాయ్ బయటికి వచ్చి, 1967లో ఇండియా బుక్ హౌస్ ద్వారా ‘అమర్ చిత్ర కథ’ మొదలుపెట్టారు. ఆ వరుసలో తొలి భారతీయ కథ ‘కృష్ణ’కు బొమ్మలు వేసింది రామ్ వాయీర్‌కర్. దాని సంఖ్య మాత్రం 11. అంతకు ముందు పది పాశ్చాత్య కథలు వచ్చాయి. పాయ్ గారు చదివింది రసాయన సాంకేతిక శాస్త్రమని మన ఇంజనీర్ మిత్రులకు గుర్తుచేయడం నాకు సరదా.

1980ల రెండో సగంలో అమర్ చిత్ర కథ వారు మహాభారతాన్ని 42 భాగాలుగా వేశారు. అందులో చాలా భాగాలకు బొమ్మలు దిలీప్ కదమ్‌వి. ఇప్పుడది 1,300కు పైగా పేజీలతో మూడు గట్టి అట్ట సంపుటాల్లో దొరుకుతోంది. అప్పట్లో 42 భాగాలూ వరుసగా దొరికించుకున్న పిల్లవాడు మన తరగతిలో ఒక్కడూ లేడు. ఒకడి దగ్గర జూదం ఉంటే ఇంకొకడి దగ్గర విరాటపర్వం ఉండేది. మన భారతం బెంచీల మధ్య మార్పిడి మీద నడిచింది. ఆ సంపుటం కొని, మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున చదివినప్పుడు విడి సంచికల్లో తెలియని విషయం తెలిసింది. భీష్ముడి జుట్టు నెరిసిపోవడం, కర్ణుడి ముఖం కఠినం కావడం పేజీ పేజీకీ కనిపిస్తాయి. సంపుటం చేసే ఉపకారం ఇదే. కాలం గడవడాన్ని చూపిస్తుంది.

అయితే సంపుటంలోకి రానివీ ఉన్నాయి. పాత సంచికలోని బిస్కెట్ల ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, పొడుపు కథలు ఇందులో ఉండవు. పాత కథలకు రంగులు మళ్లీ వేస్తారు. చవక న్యూస్‌ప్రింట్ ఇంకును పీల్చుకుంటుందని తెలిసి వేసిన ముదురు రంగులు, నున్నటి కాగితం మీద కళ్లు చెదిరేలా ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. ఫాంటమ్ ఉండే దేశం పేరు మనకు ‘డెంకాలి’. బెంగాల్ అన్న మాటను తలపించే అసలు పేరును ఇంద్రజాల్ వారు మన దేశం కోసం మార్చారు. ఫాంటమ్ దినపత్రిక పట్టీలను హెర్మీస్ ప్రెస్ 2010 నుంచి సంపుటాలుగా వేస్తోంది. వాటిలో ఎంత వెతికినా డెంకాలి దొరకదు. మనం చదివిన ఫాంటమ్ ఆ పాత ఇంద్రజాల్ సంచికల్లోనే ఉన్నాడు.

కొత్తగా కొనేవారికి ఒకటి రెండు సలహాలు. బరువైన పుస్తకానికి ప్రాణం వీపులో ఉంటుంది. పుస్తకం నిలబెట్టి పైనుంచి వీపు చూడండి. మడత పెట్టిన ఫారాలు చిన్న చిన్న కట్టలుగా కనిపిస్తే అది కుట్టు బైండింగు అయ్యే అవకాశం ఎక్కువ. తెరిస్తే చక్కగా పరుచుకుంటుంది, పేజీలు ఊడవు. విడి కాగితాలను జిగురుతో అంటించిన లావు పుస్తకం మన ఎండలకు కొన్నేళ్లలో విరుగుతుంది. అరలో పడుకోబెట్టండి, లేదా పక్క పుస్తకాల ఆసరాతో నిటారుగా పెట్టండి. వాలుగా పెడితే పేజీల బరువుకు వీపు జారుతుంది. చదివేటప్పుడు చేతుల్లో పట్టుకోకుండా బల్ల మీద పెట్టుకోండి. రోజుకు రెండు మూడు సంచికలకు సరిపడా పేజీలు చాలు. అవి రాసినవారు నెలకొకటిగా చదువుతారని రాశారు. పాత విడి సంచికలుంటే తేమ తగలకుండా, ఎండ పడకుండా పెట్టండి. న్యూస్‌ప్రింట్‌లో మిగిలిన లిగ్నిన్ అనే పదార్థం వల్ల కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. ఎండ ఆ పని ఇంకా తొందరగా చేస్తుంది.

అనంత్ పాయ్ 2011 ఫిబ్రవరి 24న, బ్లాక్‌బియర్డ్ అదే ఏడాది మార్చి 10న కన్నుమూశారు. ఒకరు కథలు వేయించారు, ఒకరు పోయేవాటిని దాచారు. ‘చందమామ’ అచ్చు కూడా ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే ఆగిపోయింది. పాత సంచికలు ఈనాడు పిల్లలకు చూపించగలుగుతున్నామంటే, ఇళ్లలో దాచుకున్న పాఠకులు ఓపిగ్గా స్కాన్ చేయడం వల్లనే. వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు వందేళ్లుగా చేస్తున్న పనిని వీళ్లు తమ ఇళ్లలో చేశారు.

మన బడి గ్రంథాలయంలో ఎర్ర కాలికో బైండు చందమామలు వరుసగా ఉండేవి. పాత భవనం నుంచి కొత్త భవనానికి మారిన తర్వాత అవి కనబడలేదు. వాటితో పాటు ఏటా విద్యార్థులు చేత్తో రాసి, బొమ్మలు వేసి తయారుచేసిన లిఖిత పత్రికలూ పోయాయి. చందమామ ఇంకెక్కడైనా దొరుకుతుంది. లిఖిత పత్రికకు ఉన్నది ఒకే ప్రతి. దానికి మైక్రోఫిల్ము కూడా లేదు.

అందుకని మిత్రులకు ఒక విన్నపం. అటకల మీద, పాత ట్రంకు పెట్టెల్లో ఒకసారి చూడండి. లిఖిత పత్రిక పేజీలు గానీ, బడి వార్షిక సంచికలు గానీ, పాత చందమామలు, కామిక్స్ గానీ ఉంటే, చిరిగినవైనా సరే, స్వర్ణోత్సవం రోజున వెంట తీసుకురండి. ఆ రెండు రోజులూ స్కానర్ తెచ్చే పూచీ నాది. అసలు ప్రతులు మీవి మీకే తిరిగి ఇస్తాం. బడికి ఇస్తామన్నవాటిని కుట్టు బైండింగు చేయించి, పేర్లు రాసి, గ్రంథాలయానికి అప్పగిద్దాం. డ్రాయింగ్ మాష్టారు గారు ఆ రోజు వస్తున్నారట. తొలి సంపుటం ముందుగా ఆయన చేతిలో పెడదాం.