కెనాన్ ఆర్50, సోనీ జెడ్‌వీ-ఈ10: మొదటి మిర్రర్‌లెస్ కెమెరాగా ఏది కొనాలి?

లక్ష రూపాయల లోపు మిర్రర్‌లెస్ కెమెరా కావాలని వెతికేవారికి ఎక్కువగా ఎదురయ్యే పేర్లలో రెండు కెనాన్ ఈఓఎస్ ఆర్50, సోనీ జెడ్‌వీ-ఈ10. సోనీ తన కెమెరాను 2021 జులైలో ప్రకటించింది. కెనాన్ 2023 ఫిబ్రవరిలో తీసుకొచ్చింది. ఏది మంచిదని అడిగితే షాపులో ఒకరు ఒకటి చెబుతారు, యూట్యూబ్‌లో ఇంకొకరు ఇంకొకటి చెబుతారు. పండగ బోనస్‌తోనో, నెలవారీ వాయిదాలతోనో కొనేవారికి రెండోసారి ఎంచుకునే అవకాశం అంత తేలిగ్గా రాదు.

కాగితం మీద చూస్తే రెండూ కవలల్లా ఉంటాయి. రెండింటిలోనూ 24.2 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సి సెన్సర్ ఉంది. గరిష్ఠంగా సెకనుకు 30 ఫ్రేముల 4కే వీడియో తీస్తాయి. పక్కకు తెరుచుకుని తిరిగే టచ్ స్క్రీన్, ఒకే ఒక్క మెమరీ కార్డు గది రెండింటికీ ఉన్నాయి. చేతి వణుకును సెన్సరే సర్దుకునే ఏర్పాటు రెండింటిలోనూ లేదు. బ్యాటరీ, కార్డుతో కలిపి ఆర్50 బరువు సుమారు 375 గ్రాములు, జెడ్‌వీ-ఈ10 బరువు 343 గ్రాములు. ఈ పట్టిక చూసి నిర్ణయం తీసుకోవడం కష్టమే. అసలు తేడాలు వాడే చోట బయటపడతాయి.

ఎండలో తెర కనిపించనప్పుడు

ఆర్50కి వ్యూఫైండర్ ఉంది. అంటే కన్ను ఆనించి చూసే చిన్న ఎలక్ట్రానిక్ తెర. జెడ్‌వీ-ఈ10కి అది లేదు, వెనక ఉన్న స్క్రీన్ ఒక్కటే ఆధారం. గదిలో కూర్చుని మాట్లాడే వీడియోలు తీసేవారికి ఇది లోటుగా అనిపించకపోవచ్చు. కానీ మిట్టమధ్యాహ్నం బడి మైదానంలో పిల్లల పరుగు పందెం తీయాలన్నా, పొలం గట్టు మీద కొంగను తీయాలన్నా ఎండకు స్క్రీన్ మీద మన ముఖమే కనిపిస్తుంది. కెమెరాను కంటికి ఆనించి పట్టుకుంటే చేయి కూడా నిలకడగా ఉంటుంది. జూమ్ లెన్స్ పెట్టినప్పుడు ఆ నిలకడ విలువ తెలుస్తుంది. ప్రధానంగా ఫొటోలు తీయాలనుకునేవారికి నా దృష్టిలో ఈ ఒక్క కారణం చాలు, ఆర్50 వైపు మొగ్గడానికి. పక్షులను గుర్తుపట్టి వాటి మీద ఫోకస్ నిలిపే సదుపాయం కూడా అందులో ఉంది.

ఇరుకు గదిలో 24కి, 29కి ఉన్న తేడా

వంటింట్లోనో పడకగది మూలనో కెమెరా పెట్టుకుని వీడియోలు తీసేవారికి కిట్ లెన్స్ ఎంత వెడల్పు చూపిస్తుందన్నది ముఖ్యం. ఆర్50తో వచ్చే లెన్స్ 18-45 ఎంఎం, సోనీతో వచ్చేది 16-50 ఎంఎం. పైకి రెండు అంకెల తేడాయే. అయితే కెనాన్ సెన్సర్ కాస్త చిన్నది కాబట్టి ఫుల్‌ఫ్రేమ్ లెక్కలోకి మార్చడానికి 1.6తో, సోనీకి 1.5తో గుణించాలి. అప్పుడు కెనాన్ 18 ఎంఎం దాదాపు 29 అవుతుంది, సోనీ 16 ఎంఎం 24 అవుతుంది. 24 దగ్గర స్టవ్, పక్కన గట్టు, నిలబడ్డ మనిషి కలిసి ఫ్రేములో పడితే, 29 దగ్గర కెమెరాను ఇంకో అడుగు వెనక్కి జరపాల్సి వస్తుంది. వెనక గోడ ఉంటే ఆ అడుగు ఉండదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. జెడ్‌వీ-ఈ10లో 4కేని సెకనుకు 30 ఫ్రేములతో తీస్తే చిత్రం చుట్టూ కొంత కత్తిరింపుకు గురవుతుంది. ఆ కత్తిరింపు సుమారు 1.23 రెట్లు. అంటే 24 కాస్తా 29.5 అవుతుంది, కెనాన్ మీద ఉన్న ఆధిక్యం అంతటితో పోతుంది. అదే 25 ఫ్రేములతో తీస్తే సెన్సర్ పూర్తి వెడల్పు దొరుకుతుంది. ఆర్50 మాత్రం 30 ఫ్రేముల దగ్గర కూడా కత్తిరించదు.

మన దేశంలో 25 ఫ్రేములే పెట్టుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ కరెంటు 50 హెర్ట్జ్. దాంతో వెలిగే ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు గానీ వీడియోలో పట్టీలుగా పాకుతూ కనిపిస్తాయి. మెనూలో పాల్ ఎంచుకుని, 25 ఫ్రేములు, షటర్ 1/50 పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇది రెండు కెమెరాలకూ వర్తిస్తుంది. నడుస్తూ తీసేటప్పుడు కుదుపు తగ్గించే డిజిటల్ స్టెబిలైజేషన్ ఆన్ చేస్తే మాత్రం రెండింటిలోనూ ఫ్రేము మళ్లీ ఇరుకవుతుంది.

రాత్రి ఫంక్షన్ హాల్లో

మొదటి కెమెరా కొన్నవారికి నిరాశ ఎదురయ్యేది ఎక్కువగా ఇక్కడే. పగలు అద్భుతంగా వచ్చిన ఫొటోలు రాత్రి రిసెప్షన్‌లో గింజలు గింజలుగా వస్తాయి. ఫోన్‌లోనే ఇంతకంటే బాగా వస్తున్నాయని ఇంట్లోవాళ్లు అంటారు. తప్పు కెమెరాది కాదు, కిట్ లెన్స్‌ది. ఆర్50 కిట్ లెన్స్ అపర్చర్ ఎఫ్/4.5-6.3, సోనీది ఎఫ్/3.5-5.6. వెడల్పు చివర సోనీ లెన్స్ కొంచెం ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది గానీ, చీకటి పడ్డాక రెండూ కష్టపడేవే.

మందు ఒక్కటే, ఎక్కువ వెలుతురు పట్టే ఫిక్స్‌డ్ లెన్స్. లెక్క వేసి చూడండి. కెనాన్ కిట్ లెన్స్ 45 ఎంఎం దగ్గర ఎఫ్/6.3. దాని స్థానంలో ఎఫ్/1.8 ఉన్న 50 ఎంఎం లెన్స్ పెడితే దాదాపు 12 రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. ఏ కొత్త బాడీ కొన్నా ఇంత మార్పు రాదు. అందుకే బడ్జెట్ మొత్తం బాడీ మీద పెట్టకుండా రెండో లెన్స్‌కు కొంత మిగుల్చుకోవాలి.

ఈ విషయంలో చాలాకాలం సోనీదే పైచేయి. సోనీ ఈ-మౌంట్‌కు సిగ్మా, టామ్రాన్ కంపెనీలు ఏళ్లుగా లెన్సులు చేస్తున్నాయి. సిగ్మా ఎఫ్/1.4 శ్రేణిలోని 16, 30, 56 ఎంఎం లెన్సులు, ఎఫ్/2.8తో వచ్చే 18-50 ఎంఎం జూమ్ చిన్న బడ్జెట్ వాళ్లకు పెద్ద అండ. సెకండ్ హ్యాండ్‌లో వెతికినా దొరుకుతాయి. కెనాన్ తన ఆర్‌ఎఫ్ మౌంట్‌లోకి ఇతర కంపెనీల ఆటోఫోకస్ లెన్సులను చాలాకాలం రానివ్వలేదు. 2024 ఏప్రిల్‌లో సిగ్మా, టామ్రాన్ ఏపీఎస్-సి లెన్సులకు దారి తెరుచుకుంది. ఆ ఏడాదే సిగ్మా 18-50 ఆర్‌ఎఫ్ మౌంట్‌లో వచ్చింది. ఆర్50 విడుదలైన కొత్తలో రాసిన సమీక్షలు చదివి ‘కెనాన్‌కు లెన్సులు లేవు’ అనుకుంటున్నవారు ఈ సంగతి గమనించాలి. అయినా ఎంపికలో, పాత సరకు దొరకడంలో సోనీ ఇప్పటికీ ముందుంది.

ఇంట్లో పాత కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉంటే లెక్క మారిపోతుంది. దాని ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు కెనాన్ అడాప్టర్‌తో ఆర్50 మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. అన్నయ్య పెళ్లికి కొని బీరువాలో పెట్టిన 50 ఎంఎం లెన్స్ మళ్లీ పనికొస్తుందన్నమాట.

ఫ్లాష్ విషయంలో మాత్రం కెనాన్ కొనేవారు జాగ్రత్తపడాలి. ఆర్50లో పైకి లేచే చిన్న ఫ్లాష్ ఉంది, జెడ్‌వీ-ఈ10లో లేదు. కానీ ఆర్50 మీద ఉన్న హాట్ షూ కొత్త రకం. పాత ఫ్లాష్‌ను నేరుగా తగిలిస్తే వెలగదు. ఏడీ-ఈ1 అనే అడాప్టర్ విడిగా కొనాలి. స్టూడియోలో అసిస్టెంట్‌గా పనిచేస్తూ సొంతంగా చిన్న ఆర్డర్లు మొదలుపెట్టాలనుకునేవారు ఈ ఖర్చు ముందే కలుపుకోవాలి. సోనీ హాట్ షూలో మధ్య పిన్ మామూలుగానే ఉంటుంది కాబట్టి సాధారణ ట్రిగ్గర్లు పనిచేస్తాయి.

మాటలు, గంటల తరబడి రికార్డింగ్

జెడ్‌వీ-ఈ10ను మొదటినుంచీ వీడియో కోసమే తయారుచేశారు, ఆ సంగతి వాడితే తెలుస్తుంది. మూడు క్యాప్సూల్స్ ఉన్న మైకు, దాని మీద గాలి చప్పుడు ఆపే బొచ్చు తొడుగు పెట్టెలోనే వస్తాయి. బయటి మైకు పెట్టుకునే జాక్ రెండింటికీ ఉంది. హెడ్‌ఫోన్ జాక్ సోనీకే ఉంది. ఇంటర్వ్యూలు తీసేవారికి ఇది చిన్న విషయం కాదు. మైకు వైరు సరిగా పట్టలేదని ఇంటికొచ్చాక తెలిస్తే, మాట్లాడిన మనిషిని మళ్లీ కూర్చోబెట్టలేం. ఆర్50లో ఒక క్లిప్ గంట దగ్గర ఆగిపోతుంది. సోనీలో అలాంటి గంట పరిమితి లేదు. కచేరీలు, ఉపన్యాసాలు, హరికథలు పూర్తిగా తీసేవారికి సోనీ అనుకూలం.

ప్రతిగా సోనీలో ఒక లోపం ఉంది. కెమెరాను వేగంగా పక్కకు తిప్పితే కరెంటు స్తంభాలు, గుమ్మాలు వాలిపోయినట్టు కనిపిస్తాయి. దీన్ని రోలింగ్ షటర్ అంటారు. ఆర్50లోనూ ఉంది గానీ సోనీ అంత కాదు. బండి మీద వెళ్తూ తీసే వీడియోలకు, ఆటలకు ఇది ఇబ్బందే.

వేడి సంగతి ఇద్దరిదీ ఒకటే. రెండు కంపెనీలూ తమ కెమెరాలు పనిచేసే ఉష్ణోగ్రతను 0 నుంచి 40 డిగ్రీల వరకే పేర్కొన్నాయి. రామగుండంలోనైనా నాగ్‌పుర్‌లోనైనా మే నెల మధ్యాహ్నం ఎండ ఆ గీత దాటుతుంది. అలాంటప్పుడు 4కే ఎక్కువసేపు తీస్తే కెమెరా తనంతట తాను ఆగిపోవచ్చు. నీడలో ఉంచడం, స్క్రీన్‌ను బాడీకి దూరంగా తెరిచి ఉంచడం, అవసరం లేనిచోట ఫుల్ హెచ్‌డీకి మారడం మేలు. కార్డు లెక్క కూడా చూసుకోండి. సోనీలో 4కే గరిష్ఠ నాణ్యత సెకనుకు 100 మెగాబిట్లు, అంటే గంటకు దాదాపు 45 జీబీ. కెనాన్‌లో మామూలు 4కే వీడియోకు 120 మెగాబిట్లు, అంటే 54 జీబీ. 128 జీబీ కార్డు, రెండో బ్యాటరీ లేకుండా శుభకార్యానికి బయల్దేరడం మంచిది కాదు.

కొనే ముందు

కుటుంబ ఫొటోలు, ప్రయాణాలు, పక్షులు, పిల్లల ఆటలు ప్రధానమైతే ఆర్50 తీసుకోండి. కెమెరా ముందు మాట్లాడటం, ఇంటర్వ్యూలు, వంటల వీడియోలే పనైతే జెడ్‌వీ-ఈ10, దానికి తోడు ఒక ఎఫ్/1.4 లెన్స్. రెండూ సగం సగం అనేవారికి నా సలహా ఆర్50. వ్యూఫైండర్‌ను తర్వాత తగిలించుకోలేం, మైకును తగిలించుకోవచ్చు.

తక్కువ ధర చూసి కెనాన్ ఆర్100 వైపు వెళ్లేవారు ఒక్క క్షణం ఆగాలి. దాని స్క్రీన్ తిరగదు, టచ్ కూడా లేదు. సెకనుకు 60 ఫ్రేముల 4కే తప్పనిసరి అనుకునేవారికి ఈ రెండూ పనికిరావు. 2024లో వచ్చిన జెడ్‌వీ-ఈ10 రెండో తరంలోనూ, 2025లో వచ్చిన ఆర్50 విలోనూ అది ఉంది. అయితే ఆ రెండింటికీ వ్యూఫైండర్ లేదు.

బిల్లు వద్దంటే ఐదారు వేలు తగ్గిస్తామనే మాటకు లొంగకండి. కెమెరాల మీద జీఎస్టీ 18 శాతం. బిల్లు లేకపోతే భారత్ వారంటీ అడిగే ఆధారమే ఉండదు. విదేశాల్లోని బంధువుల చేత తెప్పించుకునేవారు అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందా అన్నది ముందే కనుక్కోవాలి. జపాన్‌లో అమ్మే సోనీ కెమెరాల్లో మెనూ జపనీస్‌లోనే ఉంటుంది.

షోరూమ్‌కు వెళ్లేటప్పుడు సొంత మెమరీ కార్డు తీసుకెళ్లండి. రెండు కెమెరాలతోనూ కిట్ లెన్స్‌తోనే, షాపులో లైట్లు తక్కువగా ఉన్న మూల నాలుగు ఫొటోలు, గుమ్మం బయట ఎండలో నాలుగు ఫొటోలు తీయండి. మాట్లాడుతూ ఒక నిమిషం వీడియో కూడా తీసుకోండి. బేరం మొదలుపెట్టకుండా ఇంటికొచ్చి, వాటిని పెద్ద తెర మీద చూడండి.