క్రిస్మస్ ప్రోగ్రాం, కులం కాగితం

స్కూల్లో క్రిస్మస్ ప్రోగ్రాం. గొర్రెల కాపరి వేషంలో బిడ్డను చూసి తల్లి మురిసిపోతుంది. ఆ ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడానికి మాత్రం జంకుతుంది. ఎవరైనా తీసుకెళ్లి ఆఫీసులో చూపిస్తే బిడ్డ ఎస్సీ సర్టిఫికెట్ ఏమవుతుందో!

ఈ జంకుకు చరిత్ర ఉంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. ఊరి బడి గడప తొక్కనివ్వని కాలంలో మిషన్ బడి వాళ్ల పిల్లల చేతికి పలక ఇచ్చింది.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వచ్చి, హిందువు కానివాడు ఎస్సీ కాదంది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు తలుపు తెరిచారు. క్రైస్తవ దళితులకు తెరవలేదు. మన రెండు రాష్ట్రాల్లో వాళ్లకు దక్కింది బీసీ-సీ, ఒక్క శాతం.

మతం మారితే కులం పోయిందని కాగితం అంటుంది. మరి ఊళ్లో మాదిగపల్లె మాదిగపల్లెగానే ఎందుకుంది? మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి ఎందుకున్నాయి?

దాచుకోవాల్సింది ఆ తల్లి కాదు. సిగ్గుపడాల్సింది ఆ మూడో పేరా. హాస్టళ్లలో కూర్చుని దాన్ని చదవండి, చర్చించండి. జై భీమ్.