పుదుచ్చేరిలో మనసు వైద్యం: రెండు వందల ఏళ్ల ప్రయాణం

నిద్ర పట్టకపోవడం, కారణం తెలియని దిగులు, వలసో వైధవ్యమో ఉద్యోగ విరమణో ఎదురైనప్పుడు మనిషి కుంగిపోవడం కొత్తగా వచ్చిన బాధలు కావు. వీటిని వైద్యుడికి చెప్పుకోవచ్చని సమాజం ఒప్పుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఆ మార్పు ఎలా వచ్చిందో చూడటానికి పుదుచ్చేరి మంచి చోటు. ఫ్రెంచి వారి వైద్య పాఠశాల, అరవిందాశ్రమం, యోగ చికిత్సా కేంద్రాలు, ఆధునిక వైద్య కళాశాలలు ఇంత చిన్న పరిధిలో ఎదిగిన ఊళ్లు మన దేశంలో అరుదు.

ఆసుపత్రికి ముందు

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరాన్ని నిలబెట్టే మూడు ఆధారాలని చరక సంహిత చెప్పింది. తలకు నూనె మర్దన, పడుకునే ముందు గేదె పాలు, వైద్యుడి దగ్గర శిరోధార (నుదుటి మీద నూనెను ధారగా పోయడం) దక్షిణాదిన తరతరాలుగా ఉన్న ఉపచారాలే. జీవితంలో పెద్ద మలుపు వస్తే జనం జ్యోతిష్కుణ్ణి అడిగేవారు, దేవుడికి మొక్కుకునేవారు. పుదుచ్చేరిలో ఫ్రెంచి వారి దుబాసీ ఆనందరంగ పిళ్లై 1736 నుంచి రాసుకున్న దినచర్యలో కూడా ముహూర్తాల మీద, గ్రహాల మీద గట్టి నమ్మకం కనిపిస్తుంది.

ఫ్రెంచి ప్రభుత్వం 1823లో పుదుచ్చేరిలో వైద్య పాఠశాల స్థాపించింది. అయితే ఆ కాలపు వైద్యం మనోవ్యాధి అంటే ఉన్మాదం అనే అనుకుంది. మద్రాసులో 1794 నాటికే పిచ్చాసుపత్రి వెలసింది. ఇంట్లో వాళ్లు సంభాళించలేని రోగుల కోసమే అలాంటి చోట్లు. రాత్రంతా మేలుకుని పొద్దున్నే దుకాణం తెరిచే వ్యాపారికి, కాన్పు తరువాత ఊరికే ఏడుస్తున్న తల్లికి అక్కడ చోటు లేదు.

ఆశ్రమంలో ఉత్తరాలు

శ్రీ అరవిందులు 1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరి చేరారు. ఆశ్రమం 1926లో ఏర్పడింది. 1930లలో శిష్యులు తమ కష్టాలు కాగితాల మీద రాసి పంపితే ఆయన జవాబులు రాసేవారు. సాధన పేరుతో నిద్ర తగ్గించుకోవద్దని, శరీరానికి ఏడెనిమిది గంటల నిద్ర కావాలని వాటిలో స్పష్టంగా చెప్పారు. దిగులు కమ్ముకున్నప్పుడు అదే తన స్వభావమని నమ్మవద్దని, దానికి లొంగకుండా వేరుగా నిలబడి చూడమని బోధించారు. 1950లలో ఆశ్రమ పాఠశాల పిల్లలతో మాట్లాడుతూ, ఆశ్రమాన్ని నడిపిన మదర్, నిద్రకు ముందు ఒళ్లంతా వదులు చేసుకుని మనసును నెమ్మదింపజేసుకోవాలని చెప్పేవారు.

ఇది ఆధ్యాత్మిక సాధన. చికిత్సగా దాన్ని వారెవరూ చెప్పలేదు. ఫ్రాయిడ్ మనోవిశ్లేషణను అరవిందులు ఘాటుగానే విమర్శించారు. కానీ నిద్ర గురించీ దిగులు గురించీ ఓపికగా విని, ఒక్కొక్కరికీ విడిగా సలహా చెప్పిన వ్యవహారం కనుక మనసు వైద్య చరిత్రలో ఆ ఉత్తరాలకు చోటుండాలి. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇంద్రసేన్ ఈ ఆలోచనలకు ‘ఇంటిగ్రల్ సైకాలజీ’ అనే పేరు పెట్టి విద్యాలోకంలోకి తెచ్చారు.

ఊరంతటికీ ఒకే మలుపు

1954 నవంబర్ 1న పుదుచ్చేరి పాలన భారతదేశం చేతికి వచ్చింది. విలీన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవాలనుకున్న వారు ఆరు నెలల లోపు రాతపూర్వకంగా తెలపాలి. కొందరు ఫ్రాన్సు వైపు, కొందరు భారతదేశం వైపు నిలిచారు. బంధువులు రెండు దేశాల పౌరులయ్యారు. దేశం, భాష, ఉద్యోగం ఒకేసారి మారిపోతున్న ఆ రోజుల్లో జనానికి ముఖ్యంగా ఆసరా అయినవి కుటుంబం, గుడి, చర్చి.

జీవితంలోని ఇలాంటి పెద్ద మార్పులు మనిషిని ఎలా కుంగదీస్తాయన్న దాని మీద పాశ్చాత్య దేశాల్లో శాస్త్రీయ పరిశీలన అప్పుడప్పుడే మొదలవుతోంది. 1967లో హోమ్స్, రాహే అనే అమెరికా వైద్యులు 43 జీవిత సంఘటనలకు మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100 మార్కులు. పెళ్లి, ఉద్యోగ విరమణ కూడా ఆ పట్టికలో ఉన్నాయి. తరువాత క్లెర్మన్, వైస్‌మన్ రూపొందించిన ఇంటర్‌పర్సనల్ థెరపీ, మనిషి పాత్ర మారడాన్ని కుంగుబాటుకు దారితీసే నాలుగు ముఖ్య సమస్యల్లో ఒకటిగా తీసుకుంది. పోయినదానికి దుఃఖపడటానికి, కొత్త పాత్రకు కావలసిన నేర్పు సంపాదించడానికి ఆ చికిత్స సాయం చేస్తుంది.

మాత్ర, ఊపిరి, మాట

పాత ఫ్రెంచి వైద్య పాఠశాల 1956లో ధన్వంతరి వైద్య కళాశాలగా, 1964లో జిప్మర్‌గా మారింది. అప్పటికి మందుల యుగం వచ్చేసింది. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజిన్ అనే మందు తీవ్ర మనోవ్యాధుల చికిత్సను మార్చేసింది. 1963లో మార్కెట్లోకి వచ్చిన డయాజిపామ్ ఆందోళనకు, నిద్రలేమికి ఇంటింటి మాత్ర అయింది. వెంటనే నిద్ర పట్టించే ఆ మాత్రలు కొంతకాలానికి అలవాటుగా మారతాయని తరువాత గానీ తెలియలేదు.

1968లో, కెనడాలో వైద్యం చేసి వచ్చిన స్వామి గీతానంద గిరి పుదుచ్చేరిలో ఆనంద ఆశ్రమం స్థాపించారు. ఆయన నేర్పిన సావిత్రీ ప్రాణాయామం లెక్క ప్రకారం సాగుతుంది: ఆరు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చాలి, మూడు అంకెలు నిలపాలి, ఆరు అంకెలు వదలాలి, మళ్లీ మూడు అంకెలు ఆపాలి. ఆ లయ కుదిరేకొద్దీ ఒళ్లు సడలుతుంది, గుండె వేగం నెమ్మదిస్తుంది. ఈ విద్య ఆశ్రమం దాటి ఆసుపత్రిలోకీ వచ్చింది. 2008లో జిప్మర్‌లో, 2010లో పిళ్లయార్‌కుప్పంలోని మహాత్మా గాంధీ వైద్య కళాశాలలో యోగ చికిత్సా పరిశోధన కేంద్రాలు మొదలయ్యాయి.

మాటతో చేసే చికిత్సా ఇదే కాలంలో పదును తేలింది. నిద్రలేమికి వాడే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఇప్పుడు కొన్ని వారాల్లో ముగుస్తుంది. రోగి ముందు నిద్ర డైరీ రాస్తాడు. ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకు లేస్తాడు. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి, మళ్లీ కళ్లు మూతపడుతున్నప్పుడే తిరిగి పడుకుంటాడు. మంచం మీద గడిపే సమయాన్ని నిజంగా నిద్రపోయిన సమయానికి దగ్గరగా కుదించి, నిద్ర కుదురుకున్నాక మెల్లగా పెంచుతారు. దీర్ఘకాల నిద్రలేమికి మందుల కంటే ముందు ఈ పద్ధతినే వాడాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది.

అందాల్సిన వారికి అందుతోందా?

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యాన్ని పొందడాన్ని హక్కుగా గుర్తించింది. అయినా 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం రకరకాల మానసిక సమస్యలున్న వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. భాష మరో అడ్డంకి. పుదుచ్చేరి పాలనలోనే ఉన్న తెలుగు ఊరు యానాం, పుదుచ్చేరి పట్నానికి 800 కిలోమీటర్లకు పైగా దూరం. దిగులును పరాయి భాషలో చెప్పుకోవడం ఎవరికైనా కష్టమే. మాటే మందైన చోట మాతృభాష తెలిసిన చికిత్సకులు తప్పనిసరి.

నిపుణుల కొరతకు దారి లేకపోలేదు. తీవ్ర కుంగుబాటు ఉన్నవారికి, శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది విడతల్లో సాయం చేయగలరని గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో జరిగిన పరిశోధన నిరూపించింది. అది 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. యానాంలోనూ, పుదుచ్చేరి పాలనలోనే ఉన్న కారైక్కాల్‌లోనూ ఆరోగ్య కేంద్రాల్లో అలాంటి కౌన్సెలర్లను స్థానిక భాషల్లో తయారు చేయాలి.

ఈ చరిత్ర అంతా చూశాక ఒక విషయం స్పష్టం. ఊపిరి సాధన, మాట, మందు ఒకదానికొకటి పోటీ కావు. ఎవరికి ఏది ఎంత కావాలో తేల్చుకోవడానికి మొదట బాధను పైకి చెప్పాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దిగులు వదలకపోయినా, పరిస్థితి ముదిరేదాకా ఆగకండి. 2022లో మొదలైన ప్రభుత్వ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.